గుర్రం మీద కూర్చునే తీరు సరిచేసే సాధనాలు: ఏది ఎవరికి, ఏది ఎవరికీ వద్దు

భుజాలు ముందుకు వాలుతున్నాయా? వెనక్కి లాగే పట్టీ ఉంది. మడమలు పైకి లేస్తున్నాయా? బరువైన రికాబులు (జీనుకు వేలాడుతూ పాదాలకు ఆనుగా ఉండేవి) ఉన్నాయి. జీనులో నిలవలేకపోతున్నారా? అతుక్కుపోయే ప్యాంటు ఉంది. స్వారీ సరంజామా అమ్మేవాళ్ల దగ్గర ప్రతి లోపానికీ ఒక వస్తువు సిద్ధంగా ఉంటుంది. వాటిలో కొన్ని నిజంగా మంచివే. కాకపోతే కూర్చునే తీరులో లోపం కనబడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. ట్రాట్‌లో, అంటే నడక కన్నా వేగంగా కుదుపుతో సాగే గతిలో, చేతులు ఎగిరెగిరి పడుతున్నాయంటే తప్పు చేతులది కాకపోవచ్చు. గుర్రం వీపు నుంచి వచ్చే కుదుపును తుంటి, నడుము ఇముడ్చుకోలేకపోతే అది పైకి పాకి చేతుల్లో బయటపడుతుంది. అలాంటప్పుడు చేతులను కట్టడి చేసే పరికరం కొన్నారనుకోండి, కుదుపు ఎక్కడికీ పోదు. పగ్గాల గుండా నేరుగా గుర్రం నోటికి చేరుతుంది.

అందుకే ఇక్కడ సాధనాలను ధరను బట్టో పేరును బట్టో వరుస పెట్టలేదు. ప్రతిదాన్నీ ఒకటే ప్రశ్న అడిగాను: ఇది శరీరానికి ఏదైనా చెబుతోందా, లేక శరీరాన్ని పట్టి ఉంచుతోందా? చెప్పేదాన్ని తీసేశాక కూడా దాని ఫలం కొంత మిగులుతుంది. పట్టి ఉంచేదాన్ని విప్పిన మరుక్షణం కథ మొదటికొస్తుంది.

ముందు జీను, రికాబులు

పక్క నుంచి చూస్తే రైడర్ చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీదకు రావాలి. మోచేతి నుంచి ముంజేయి, పగ్గం మీదుగా గుర్రం నోట్లోని కళ్లెపు కడ్డీ (బిట్) దాకా మరో తిన్నని గీత రావాలి. అడ్డంకులు దూకేటప్పుడు రికాబులు పొట్టి చేసి ముందుకు వంగుతారు కాబట్టి అక్కడ లెక్క కొంత మారుతుంది. పాదం శరీర బరువు కిందే ఉండాలన్నది మాత్రం మారదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనోఫన్, కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా కాళ్లు ఎడం చేసి నిలబడ్డట్టు ఉండాలని రాశాడు. అప్పటికి గ్రీకులకు రికాబులే తెలియవు.

ఆయన వద్దన్న ఆ కుర్చీ భంగిమే ఇప్పటికీ ఎక్కువగా కనిపించే లోపం. పాదాలు ముందుకు పోతాయి, తుంటి వెనకబడుతుంది. దీనికి చాలాసార్లు రైడర్ కంటే జీనే కారణం. రికాబు పట్టీ వేలాడే కడ్డీ మరీ ముందుకున్నా, జీను వెనక్కి వాలి అందులోని లోతైన భాగం వెనక్కి జరిగినా, ఎంత గింజుకున్నా కాలు తుంటి కిందకు రాదు. ఆ జీను మీద కూర్చుని ఏ పట్టీ కట్టుకున్నా దండగే. జీను అమర్చడం తెలిసినవారికి ఒకసారి చూపించండి. గుర్రానికి సరిపోయిందా అని మాత్రమే అడిగి వదిలేయకండి, మీకు సరిపోయిందా అని కూడా అడగండి.

రికాబుల సంగతి ఇంకా తేలిక. జీను మీద కూర్చుని పాదాలు బయటికి తీసి కాళ్లు వదులుగా వేలాడదీయండి. రికాబు అడుగుభాగం చీలమండ ఎముక దగ్గరకు వస్తే మామూలు స్వారీకి అది సరైన తొలి అంచనా. అంతకంటే కిందికి వేలాడుతుంటే పాదం దాన్ని వెతుక్కుంటూ సాగుతుంది, మడమ లేస్తుంది. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కడం వల్ల ఆ వైపు తోలు పట్టీ సాగుతుంది. రంధ్రాలు రెండు వైపులా సమానంగా లెక్కపెట్టుకుని బిగించినా పొడవులు సమానంగా ఉండవు. రెండు పట్టీలూ విప్పి పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడప్పుడు కుడి ఎడమలు మార్చండి, ఎక్కడానికి మెట్టు వాడండి. ఒక పక్కకు ఒరిగిపోతున్నానని బాధపడేవాళ్లలో కొందరికి మందు ఇదే.

మెడ పట్టీ: అన్నిటికన్నా చవక, నా మొదటి ఓటు

పాత రికాబు పట్టీ ఒకటి గుర్రం మెడ చుట్టూ వదులుగా బిగిస్తే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తూలినప్పుడు పగ్గాలను పట్టుకు లాగకుండా దాన్ని పట్టుకుంటారు. కాస్త చేయి తిరిగినవాళ్లు ఒక్క వేలు అందులో దూర్చి స్వారీ చేస్తే తమ చేయి ఎంత కదులుతోందో ఆ వేలికి తెలుస్తుంది. గుర్రం నోటికి ఏమీ తెలియదు. ఈ రెండో ఉపయోగం కోసమే అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని సిగ్గుపడకుండా వాడాలని నేనంటాను.

దీనికి దగ్గరి చుట్టం జీను ముందు భాగంలోని రెండు రింగులకు కట్టే చిన్న పట్టీ. రెండింటిలో ఏది కావాలన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. మెడ పట్టీ శరీరాన్ని కొంచెం ముందుకు రానిస్తుంది కాబట్టి దూకేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, గుర్రం ఉన్నట్టుండి కదిలినప్పుడు మంచిది. జీను పట్టీని పైకి లాగితే కూర్చున్న భాగం జీనులోకి దిగుతుంది. అందుకని ట్రాట్‌లో లేవకుండా కూర్చోవడం నేర్చుకునేటప్పుడు, క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన దౌడు) మొదలుపెట్టే క్షణంలో ఇదే పనికొస్తుంది. లోపలి చేత్తో పట్టీని, బయటి చేత్తో పగ్గాలను పట్టుకుని అరగంటలో నాలుగైదు సార్లు కొద్ది కొద్దిసేపు ప్రయత్నిస్తే సరిపోతుంది. పట్టీకే వేలాడుతూ స్వారీ అంతా గడిపితే మాత్రం భుజాలు బిగుసుకుపోతాయి.

లాంజ్ పాఠం: ఖరీదు ఎక్కువ, ఫలమూ ఎక్కువే

లాంజ్ అంటే శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి పగ్గంతో గుర్రాన్ని తన చుట్టూ తిప్పడం. నడిపే బాధ్యత ఆయనది కాబట్టి రైడర్ మనసంతా తన ఒంటి మీదే పెట్టవచ్చు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో కొత్తగా చేరిన విద్యార్థులను పగ్గాలు, రికాబులు ఇవ్వకుండా నెలల తరబడి ఇలాగే కూర్చోబెడతారు. మనకు అంత ఓపిక లేకపోయినా పద్ధతి మాత్రం అదే.

ఇంత మేలు చేయడానికి కారణం ఉంది. గుర్రం నడకలో ఉన్నప్పుడు దాని వీపు రైడర్ కటిని ముందు వెనకలకు, పక్కలకు, కొద్దిగా మెలిపెట్టినట్టు కూడా కదిలిస్తుంది. మనం మన కాళ్ల మీద నడిచేటప్పుడు కటి కదిలే తీరుకు ఇది బాగా దగ్గర. గుర్రపు నడకను వైద్యంలో వాడుకోవడం కూడా ఈ పోలిక వల్లే. పగ్గాలు, దారి, ఎదురొచ్చే గుర్రాలు ఇవన్నీ బుర్రలోంచి తీసేస్తే ఆ కదలికను శరీరం తనంతట తాను అందుకుంటుంది. కట్టే వస్తువు ఏదీ ఇంత చెప్పలేదు.

కానీ షరతులున్నాయి. గుర్రం లయ తప్పకుండా తిరిగేది, వయసు వచ్చినది అయి ఉండాలి. పగ్గం పట్టినవారికి ఆ పనిలో అనుభవం ఉండాలి. వలయం 20 మీటర్ల వ్యాసానికి దగ్గరగా ఉంటే మంచిది. చిన్న వలయంలో గుర్రం కీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది, రైడర్ బయటికి జారిపోతాడు. 20 నిమిషాలు దాటించొద్దు, మధ్యలో దిశ మార్చాలి. రికాబులు లేకుండా చేసేటప్పుడు మోకాళ్లతో జీనును నొక్కి పట్టుకోవడం మొదలైందంటే వెంటనే రికాబులు తిరిగి వేసుకోండి. రికాబులు తీసేసి గంటల తరబడి బిగుసుకుని కూర్చుంటే ధైర్యం పెరుగుతుందేమో గానీ తీరు పాడవుతుంది.

భుజాల పట్టీ, సాగే బ్యాండు, బరువు డబ్బా

ఈ మూడూ పైభాగం కోసమే. ఎక్కువగా అమ్ముడయ్యేది భుజాల పట్టీ. ఎనిమిది అంకె ఆకారంలో భుజాలను చుట్టి వెనక్కి లాగుతుంది. వేసుకోగానే అద్దంలో ఎంతో మారినట్టు కనిపిస్తారు, అందుకే అమ్ముడవుతుంది. వంగగానే లాగుతుంది కాబట్టి గుర్తు చేసే పని బాగానే చేస్తుంది. ఆ తర్వాతే తంటా. వీపు కండరాలు చేయాల్సిన పనిని పట్టీ చేసేస్తుంటే అవి విశ్రాంతి తీసుకుంటాయి. భుజాలు వెనక్కి పోయినా పక్కటెముకలు ముందుకు పొడుచుకొచ్చి నడుము లోపలికి వంగిపోతుంది. వంగిన భుజాలకు అసలు కారణం కటి వెనక్కి ఒరిగిపోవడమో, తల దించుకుని గుర్రం మెడ వైపు చూడటమో అయితే పట్టీ దాన్ని తాకనైనా తాకదు. తల బరువు దాదాపు 5 కిలోలు. చూపు దించితే ఆ బరువంతా ముందుకు వస్తుంది, దాని వెనకే భుజాలు వస్తాయి. చూపు ఎత్తడానికి పట్టీ అక్కర్లేదు. అయినా కొనాలనుకుంటే మెత్తగా సాగేది కొనండి, మొదటి పదిహేను నిమిషాలు వాడి తీసేయండి. వెన్నెముక మీదకు గట్టి బకిల్ వచ్చే రకం అసలు వద్దు, పడితే అదే గుచ్చుకుంటుంది.

వ్యాయామానికి వాడే పలచని సాగే బ్యాండు నాకు ఇంతకంటే నచ్చుతుంది. వీపు వెనక నుంచి తెచ్చి, రెండు మోచేతుల మీదుగా ముందుకు లాగి, కొసలను పగ్గాలతో పాటు పిడికిట్లో పట్టుకోవాలి. ముడి వేయకూడదు, చేతికి చుట్టుకోకూడదు. వదిలేస్తే జారి పడిపోవాలి. మోచేతులు ముందుకు పరుగెత్తినప్పుడల్లా వీపు మీద అది బిగుస్తుంది. చేతికీ వీపుకూ సంబంధం ఉందని నోటిమాటతో ఎంత చెప్పినా తలకెక్కనివారికి ఇది ఒక్క రౌండులో ఎక్కిస్తుంది.

బరువు డబ్బా అంటే రెండు చేతులతో పక్కలు పట్టుకునే, బరువు నింపిన ఘనాకారపు డబ్బా. దాన్ని ముందు పట్టుకుంటే చేతులు విడివిడిగా తిరగలేవు, బరువును నిలపడానికి పొట్ట కండరాలు పనిచేయక తప్పదు. చేతులు సమంగా ఉండనివాళ్లకు, నడుము కూలబడేవాళ్లకు మంచిది. కానీ దానితో పాటు పగ్గాలు కూడా పట్టుకోవాలి కాబట్టి బెదిరే గుర్రం మీద, ఇంకా స్థిరపడని రైడర్ చేతిలో దీనికి చోటు లేదు. బరువును ఆపడానికి కొందరు వెనక్కి వాలుతారు, అది చూసి చెప్పే మనిషి కింద ఉండాలి. రెండు బొటనవేళ్ల కింద కొరడాను అడ్డంగా పట్టుకుంటే ఇదే పాఠంలో సగం ఖర్చు లేకుండా వస్తుంది. అదే కొరడాను వీపు వెనక మోచేతుల మధ్య ఇరికించే పాత అలవాటు ఉంది, అది మాత్రం మానేయండి. పడేటప్పుడు చేతులు చాచే వీలుండదు.

అతుక్కునే ప్యాంట్లు, పెద్ద మోకాలి దిమ్మలు

సిలికాన్ ముద్రలున్న ప్యాంటు, జీను మీద వేసే గొర్రె ఉన్ని పరుపు, మోకాలి ముందు పెద్ద దిమ్మలున్న జీను, ఇవన్నీ ఇచ్చేది భద్రత. అది తక్కువ విషయం కాదు. భయం తగ్గితే కండరాలు వదులవుతాయి, తీరు దానంతటదే కొంత బాగుపడుతుంది. పడిపోయి చాలాకాలం తర్వాత తిరిగి వచ్చినవారికి నేను వీటిని వద్దనను.

నేర్పడం మాత్రం వీటి పని కాదు. శరీరం సరైన చోట కూర్చుంటే అక్కడే నిలుపుతాయి, తప్పు చోట కూర్చున్నా అంతే గట్టిగా నిలుపుతాయి. పెద్ద దిమ్మకు మోకాలు ఆనించి కూర్చునే అలవాటు పడితే తుంటి కీలు తెరుచుకోదు. ట్రాట్‌లో లేచి కూర్చోవడం ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు పూర్తిగా అతుక్కునే ప్యాంటు అడ్డమే. మోకాలి దగ్గర మాత్రమే పట్టు ఉన్నది వారికి చాలు.

రికాబుల దగ్గర రాజీ వద్దు

పాదం రికాబులో ఇరుక్కున్న స్థితిలో పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. స్వారీలో ఇంతకంటే భయంకరమైనది అరుదు. కాబట్టి కాలు కదలకుండా ఉండటానికి రికాబును గర్త్‌కు (జీనును గుర్రం పొట్ట కింద బిగించే పట్టీకి) తాడుతో కట్టడం, పాదాన్ని రికాబుకు కట్టడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా వద్దనండి. అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య ఎఫ్‌ఈఐ జంపింగ్ నియమాల ప్రకారం కూడా రికాబులు స్వేచ్ఛగా వేలాడాలి, రైడర్ శరీరంలో ఏ భాగాన్నీ జీను సామగ్రికి కట్టకూడదు. పోటీకి వెళ్లేవారు అయస్కాంతంతో బూటును పట్టి ఉంచే రికాబుల లాంటివి కొనేముందు తమ విభాగం నియమాలు చూసుకోవాలి. నేనైతే నేర్చుకునే దశలో వాటి జోలికే పోను.

వెడల్పు అడుగున్నవి, కొద్దిగా వంగే కీలున్నవి మోకాలి నొప్పి, చీలమండ నొప్పి ఉన్నవారికి హాయినిస్తాయి. వాటిని హాయి కోసమే కొనండి, తీరు మారుతుందని కాదు. బరువైన రికాబు ఎక్కువగా కదలదు, జారిన పాదానికి త్వరగా దొరుకుతుంది, అంతే. మడమను కిందికి దించేది రికాబు బరువు కాదు. మెట్టు అంచున పాదం ముందు భాగంతో నిలబడి మడమలు దించి చూడండి. పిక్కలు పట్టేసి దిగకపోతే మీకు కావలసింది రోజూ ఆ సాగదీత. అక్కడ బాగానే దిగి గుర్రం మీద మాత్రం లేస్తుంటే మోకాలితో నొక్కుతున్నారన్నమాట, లేదా రికాబు పొడవైంది. బలవంతంగా మడమను తొక్కితే పాదం ముందుకు పోయి మళ్లీ కుర్చీ భంగిమే వస్తుంది. కొత్తవి కొన్నా పాతవి వాడినా రికాబు మీ బూటు కన్నా మొత్తం రెండున్నర సెంటీమీటర్లు వెడల్పుండాలి, బూటుకు మడమ ఉండాలి. పడితే విడిపోయే భద్రతా రికాబులకు ఖర్చు పెట్టడం ఎప్పుడూ సబబే.

అద్దం, వీడియో, సెన్సర్

ఏళ్ల తరబడి వంకరగా కూర్చున్న శరీరానికి వంకరే తిన్నగా అనిపిస్తుంది. శిక్షకుడు సరిచేయగానే "ఇప్పుడు పక్కకు ఒరిగినట్టుంది" అంటారు చూడండి, అదే. అందుకే కంటికి కనిపించే సాక్ష్యం కావాలి. మైదానంలో పెద్ద అద్దం ఉంటే తప్పు అప్పటికప్పుడే తెలుస్తుంది, అయితే చూడటానికి తల తిప్పితే మెడతో పాటు నడుమూ తిరుగుతుంది. వీడియో ఆలస్యంగా చెబుతుంది గానీ నిజం చెబుతుంది. ఫోనును జీను ఎత్తులో నిలబెట్టి పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తీయండి. కుర్చీ భంగిమ పక్క నుంచి దొరుకుతుంది, ఒక తుంటి కూలబడటం వెనక నుంచి మాత్రమే దొరుకుతుంది. అందరూ పక్క నుంచే తీస్తారు.

జీను కింద ఒత్తిడి కొలిచేవి, కటి ఒరుగును చూపేవి కుడి ఎడమల తేడాను బాగా పట్టిస్తాయి. తేడా ఎందుకొచ్చిందో చెప్పవు. గుర్రమే ఒక వైపు వంకరగా నడుస్తూ మిమ్మల్ని అటు తోస్తుండవచ్చు. చెవిలో శిక్షకుడి మాట వినిపించే రేడియో హెడ్‌సెట్ వీటన్నిటి కంటే ముందు కొనదగినది. అరుపు వినపడక సగం పాఠం గాలికి పోయే చోట మరీను.

గుర్రం దిగాక

కుర్చీలో రోజంతా పనిచేసేవారికి తుంటి ముందు కండరాలు పొట్టిబడి ఉంటాయి. జీను మీద అవే మోకాళ్లను పైకి లాగుతాయి, నడుమును లోపలికి వంచుతాయి. ఇలాంటివారికి ఒంటికి కట్టే సాధనం కంటే రోజుకు పది నిమిషాల సాగదీత ఎక్కువ మేలు చేస్తుంది. గాలి నింపే పెద్ద బంతి కొనొచ్చు. మధ్యస్థ ఎత్తువారికి 65 సెంటీమీటర్లది, పొట్టివారికి 55. కూర్చుంటే తుంటి మోకాళ్ల కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. దాని మీద కటిని మెల్లగా ముందుకు, వెనక్కి, పక్కలకు తిప్పడం నేర్చుకుంటే గుర్రం నడకలో అదే కదలికను గుర్తుపడతారు. జీను మీద తొడ కిందో, కూర్చునే ఎముకల కిందో పెట్టే మెత్తని చిన్న బంతులు కూడా ఉన్నాయి. వాటిని తీసేశాక జీను కొత్తగా అనిపిస్తుంది. అయితే నడకలోనే, గుర్రాన్ని ఒకరు పట్టుకుని ఉండగానే వాడాలి.

యాంత్రిక గుర్రం దొరికితే వదులుకోవద్దు. అది అలిసిపోదు, బెదరదు, మధ్యలో ఆపి కాలు సరిచేయించుకోవచ్చు. భయపడేవారికి, పెద్ద వయసులో మొదలుపెట్టేవారికి నాలుగైదు పాఠాలు దాని మీద చేస్తే అసలు గుర్రానికీ కష్టం తగ్గుతుంది. మీ తప్పుకు చెవులు వెనక్కి పెట్టి జవాబిచ్చే గుణం మాత్రం దానికి లేదు.

మరి మీరేం కొనాలి?

వారానికి ఒక్కసారి పాఠశాల గుర్రం మీద నేర్చుకునేవారు ఏ వస్తువూ కొనకండి. ఆ డబ్బుతో మామూలు పాఠాల మధ్య కొన్ని లాంజ్ పాఠాలు అడగండి, మెడ పట్టీ వాళ్ల దగ్గరే ఉంటుంది. సొంత గుర్రం ఉండి ఒంటరిగా స్వారీ చేసేవారు ముందు జీను చూపించుకోండి, తర్వాత వీడియో, ఆ తర్వాత సాగే బ్యాండు. ట్రాట్‌లో కుదురు దొరకనివారికి జీను పట్టీ, ఇంట్లో బంతి. చేతులు సమంగా లేనివారికి కొరడా అడ్డంగా పట్టడంతో మొదలు, అది చాలకపోతే బరువు డబ్బా. భయంతో బిగుసుకుపోయేవారికి పట్టు ఉన్న ప్యాంటు, నెమ్మదైన గుర్రం. వీటిలో రెండోదే ముఖ్యం. నడుము నొప్పో తుంటి నొప్పో ఉన్నవారు దుకాణానికి ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాలి.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అన్న సామెతను పట్టుకుని బిగుసుకుని కూర్చునేవారు చాలామంది. బిగుసుకున్న రైడర్ కింద కూడా గుర్రం అడుగు పొట్టిబడుతుంది, వీపు గట్టిపడుతుంది, తోక విసురుతుంది. ఏ సాధనం వాడుతున్నా గుర్రంలో ఈ గుర్తులు మొదలైతే అది మీకు ఎంత హాయిగా ఉన్నా తీసేయండి.

పరీక్షించే తీరు కూడా చెప్పాలి. స్వారీ మొదట్లో పదిహేను నిమిషాలు వాడి, తీసేసి, మిగతా సమయం అది లేకుండా చేయండి. తీశాక కాసేపైనా మార్పు నిలుస్తుంటే, వారాలు గడిచేకొద్దీ ఆ కాసేపు పెరుగుతుంటే అది మీకు పనికొచ్చింది. నెల తర్వాత కూడా విప్పగానే మాయమవుతుంటే అమ్మేయండి లేదా ఇంకొకరికి ఇచ్చేయండి. రెండు సాధనాలను ఒకే వారం మొదలుపెట్టొద్దు, ఏది పనిచేసిందో మీకే తెలియదు.